డ్రాకులాను రాసిన గుమాస్తా

ప్రతి సంవత్సరం మన సావనీర్‌లో ఎవరో ఒక పెద్దమనిషి జీవితకథ వేయడం ఆనవాయితీ. విశ్వేశ్వరయ్యగారి గురించి వచ్చింది, సి.వి. రామన్‌గారి గురించి వచ్చింది, మేడం క్యూరీ గురించి అయితే రెండుసార్లు వచ్చింది. ఈసారి నేను బ్రామ్ స్టోకర్ పేరు చెప్పగానే సంపాదకవర్గంలో ఒకరిద్దరు నవ్వారు. దయ్యాల నవల రాసినాయన సావనీర్‌కెక్కేంత గొప్పవాడా అని వారి సందేహం. సైన్సు చదివేదానివి, నీకిదేం పిచ్చి అని కూడా అడిగారు. ఆ రెండు ప్రశ్నలకూ జవాబుగానే ఈ నాలుగు పేజీలూ రాస్తున్నాను. చదివాక ఎవరి అభిప్రాయం వారిది.

అసలు సంగతేమిటంటే, మా హాస్టల్లో ఏ గదిలో దిండు ఎత్తి చూసినా ఒక రక్తపిశాచి నవల దొరుకుతుంది. స్టెఫెనీ మేయర్ 2005లో రాసిన 'ట్వైలైట్', అంతకు ముందు 1991లో ఎల్.జె. స్మిత్ మొదలుపెట్టిన 'వాంపైర్ డైరీస్', వాటి దారిలో వచ్చినవి బోలెడు. కథ అన్నిట్లో ఇంచుమించు ఒకటే. హైస్కూల్లో చదివే పిల్ల, వందేళ్ళ వయసుండీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడిలా కనిపించే రక్తపిశాచి, వాళ్ళిద్దరి మధ్య ప్రేమ. ముందు తరంవాళ్ళు 'తులసిదళం' చదువుతూ రాత్రిళ్ళు లైటార్పకుండా పడుకున్నారట. మేం వీటిని చదువుతూ లైటు ఆర్పడం లేదు, వార్డెన్‌గారి చేత చీవాట్లు తింటున్నాం. నేను ఊరికే చదివి ఊరుకోకుండా మా డిపార్ట్‌మెంట్ గోడపత్రికకు సమీక్షలు కూడా రాస్తుంటాను. ఇప్పటికి తొమ్మిది రాశాను. ప్రతి పుస్తకానికీ ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఈ రచయిత్రి పాత నియమాల్లో ఏది ఉంచింది, ఏది మార్చింది? అద్దంలో ప్రతిబింబం కనపడకపోవడం, పిలిస్తేనే ఇంట్లోకి రావడం, వెల్లుల్లిపాయ అంటే భయం, ఇవన్నీ ఎక్కడివి అని వెనక్కి తవ్వుకుంటూ పోతే ప్రతిసారీ ఒక్కడి దగ్గరికే చేరాను. ఆయనే స్టోకర్.

రక్తపిశాచిని ఆయన కనిపెట్టాడని చెప్పడం నా ఉద్దేశం కాదు. జాన్ పోలిడోరీ అనే కుర్ర డాక్టరు 1819లోనే ఒక కథ అచ్చువేయించాడు. చెల్లాచెదురుగా పడివున్న ఊరి నమ్మకాలను పోగుచేసి, ఏరి, ఒక శాస్త్రంలాగా అమర్చినవాడు మాత్రం స్టోకరే.

ఆయన పుట్టింది 1847 నవంబరు 8న, ఐర్లండులో డబ్లిన్ నగరం పక్కన క్లాంటార్ఫ్‌లో. రైతుబిడ్డనైన నేను ఈ తేదీ దగ్గర కాసేపు ఆగక తప్పదు. 1845లో ఐర్లండులో ఉర్లగడ్డ పంటకు మాడు తెగులు తగిలింది. (మా చిత్తూరు వైపు ఉర్లగడ్డ అంటాం, మీరు బంగాళాదుంప అనుకోండి, ఆలుగడ్డ అనుకోండి.) సాయంత్రం పచ్చగా ఉన్న చేను రెండు మూడు రోజుల్లో నల్లబడి, తవ్వితే గడ్డలు కుళ్ళి కంపు కొట్టేవి. బోటనీ రికార్డులో మనం బొమ్మవేసే ఫైటాప్తోరా ఇన్ఫెస్టాన్స్ అనేది అదే. బూజులా కనిపిస్తుంది గానీ అసలైన బూజు జాతికి చెందదు. టమోటాకు కూడా తగులుతుంది గనుక మా ఇంట్లో దాని పేరు తెలియకపోయినా దాని ముఖం అందరికీ తెలుసు. ఐర్లండు పేదరైతులు దేశమంతటా ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం గడ్డ నాటారు. విత్తనంతో కాక గడ్డతోనే నాటే పంట కాబట్టి ఒక మొక్కకు లేని తట్టుకునే శక్తి ఏ మొక్కకూ లేదు. తెగులుకు కారణమేమిటో అప్పటి పండితులకే సరిగ్గా తేలలేదు, రైతుకేం తెలుస్తుంది! సుమారు పది లక్షలమంది ఆకలితో, ఆకలి వెంట వచ్చిన జ్వరాలతో చచ్చిపోయారు. ఇంకో పది లక్షలకు పైగా ఓడలెక్కి దేశం విడిచారు. అన్ని చావుల మధ్య కూడా ధాన్యం, పశువులు ఆ దేశపు రేవుల్నుంచి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1841లో 81 లక్షల పైచిలుకున్న జనాభా 1851 నాటికి 65 లక్షల చిల్లరకు దిగింది. 1847 అందులో అతి చెడ్డ సంవత్సరం.

స్టోకర్ ఇంట్లో పస్తుల్లేవు. తండ్రి డబ్లిన్ కోటలో ప్రభుత్వ గుమాస్తా, నెలజీతం మనిషి. కానీ ఆ బిడ్డ మాత్రం మంచం దిగలేదు. ఏడుగురు సంతానంలో మూడోవాడైన బ్రామ్ ఏడేళ్ళు వచ్చేదాకా లేచి నడవలేదని ఆయనే రాసుకున్నాడు. జబ్బేమిటో ఎవరూ తేల్చలేదు. మంచంమీది పిల్లవాడికి కాలక్షేపం తల్లి షార్లెట్ చెప్పే కథలు. అవి రాజుల కథలు కావు, ఆమె కళ్ళారా చూసినవి.

షార్లెట్ పుట్టిల్లు స్లైగో అనే ఊరు. 1832లో ఆ ఊరికి కలరా వచ్చింది. బెంగాల్లో బయల్దేరి రష్యా మీదుగా యూరప్ అంతా పాకిన కలరా అది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు. రోడ్డుమీద పడినవాణ్ణి ఇంకా ఊపిరుండగానే గోతిలోకి తోసేశారని, శవాల గుట్టలో భార్యను వెతకబోయిన భర్తకు ఆమె ప్రాణంతో దొరికిందని, పారిపోయే కుటుంబాలను పొరుగూళ్ళవాళ్ళు రాళ్ళతో తరిమారని ఆమె చెప్పేది. కొడుకు పెద్దవాడయ్యాక అడిగితే అవన్నీ కాగితం మీద కూడా పెట్టింది. ఆ సూక్ష్మజీవి కలరాకు కారణమని రాబర్ట్ కాక్ ఈజిప్టులోనూ మన కలకత్తాలోనూ పరిశోధించి నిరూపించింది 1883, 84లలో. అంటే షార్లెట్ కాలంవాళ్ళకు కలరా కంటికి కనపడకుండా తూర్పునుంచి ఓడలో వచ్చి రాత్రికి రాత్రి ఊరిని తినేసే భూతం. 'డ్రాకులా'లో కూడా సరిగ్గా అలాగే తూర్పునుంచి ఓడమీదే వస్తుంది చావు! నవలలోని భయానికి మూలం కోటలోనో గబ్బిలాల్లోనో లేదు, ఈ తల్లి చెప్పిన కథల్లో ఉందని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మంచం దిగిన పిల్లవాడు ఎలా తయారయ్యాడంటే, 1864లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చేరేనాటికి ఆరడుగుల పైన ఎత్తు, ఎర్రటి జుట్టు. నడక పందేల్లో, రగ్బీలో కప్పులు కొట్టాడు. మన విద్యార్థి సంఘం నాయకులు గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఫిలసాఫికల్ సొసైటీకి అధ్యక్షుడూ, హిస్టారికల్ సొసైటీకి ఆడిటరూ ఆయనే. అక్కడ ఆడిటర్ అంటే లెక్కలు చూసేవాడు కాదు, సంఘానికి పెద్ద. ఫిలసాఫికల్ సొసైటీలో ఆయన చదివిన మొదటి వ్యాసం దేనిమీదో తెలుసా? నవలల్లోనూ సమాజంలోనూ సంచలనం అనే విషయం మీద. జనం ఎగబడి చదివే పుస్తకాలను పెద్దలు ఈసడించడం మన కాలేజీలోనే పుట్టిందనుకుంటాం గానీ నూటయాభై ఏళ్ళ క్రితమే అది కాలేజీ సభల్లో చర్చకు వచ్చింది.

అప్పట్లో వాల్ట్ విట్మన్ కవిత్వాన్ని ట్రినిటీ కుర్రాళ్ళు ఎగతాళిగా పైకి చదివి నవ్వుకునేవారు. స్టోకర్ ఆయన పక్షాన నిలబడి వాదించాడు. 1872లో ఒక రాత్రి తన మనసంతా విప్పి విట్మన్‌కు పెద్ద ఉత్తరం రాశాడు. రాసి, పోస్టు చెయ్యలేక నాలుగేళ్ళు బల్లసొరుగులోనే పెట్టుకున్నాడు. 1876లో ధైర్యం చేసి పంపితే ఆ ముసలికవి వెంటనే ఆప్యాయంగా జవాబిచ్చాడు. తర్వాత అమెరికా వెళ్ళినప్పుడు ఇద్దరూ కలుసుకున్నారు కూడా.

చదువుండగానే తండ్రి దారిలో డబ్లిన్ కోటలో గుమాస్తాగిరీలో చేరాడు. చిన్న కోర్టులను తనిఖీ చేసే ఉద్యోగం దాకా ఎదిగాడు. ఆయన అచ్చయిన మొదటి పుస్తకం దయ్యాలది కాదు, ఆ కోర్టు గుమాస్తాల విధుల మీద 1879లో వచ్చిన మాన్యువల్. ఇలాంటి పుస్తకం రాసినవాడే 'డ్రాకులా' రాశాడంటే నవ్వొస్తుంది గానీ, రెండింటిలోనూ ఒకే చెయ్యి కనిపిస్తుంది. తేదీ, వేళ, కాగితం, సాక్ష్యం. ఏ కాగితం దేని తర్వాత పెట్టాలో తెలిసిన చెయ్యి.

ఇక సమీక్షల సంగతి. ఇది నా స్వార్థం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. హెన్రీ ఇర్వింగ్ అనే నటుడు 1871లో డబ్లిన్ వచ్చి నాటకం ఆడితే స్థానిక పత్రికలు తగినంతగా పట్టించుకోలేదు. స్టోకర్‌కు ఒళ్ళు మండింది. 'డబ్లిన్ ఈవెనింగ్ మెయిల్' ఆఫీసుకెళ్ళి అడిగితే, సమీక్షలకు డబ్బిచ్చే ఏర్పాటు లేదన్నారు. జీతం లేకుండానే రాస్తానన్నాడు. పగలు కోటలో ఫైళ్ళు, సాయంత్రం నాటకం, అర్ధరాత్రి సమీక్ష. ఇలా కొన్నేళ్ళు పైసా తీసుకోకుండా రాశాడు. గోడపత్రికకు రాసి టీ కూడా దక్కని మాబోటివాళ్ళకు ఇది ఎంత ఊరటో! ఆ పత్రిక యజమానుల్లో ఒకరు షెరిడన్ లె ఫాను. ఆయన 'కార్మిల్లా' అనే కథ 1871, 72లలో వచ్చింది. అందులో రక్తపిశాచి ఒక పడుచుపిల్ల, ఆమె ఆశపడేది కూడా ఒక పడుచుపిల్లనే. ఇవాళ్టి పిశాచి ప్రేమకథలకు అసలైన నాయనమ్మ ఎవరంటే నేను 'డ్రాకులా'ను కాదు, 'కార్మిల్లా'ను చూపిస్తాను.

1876లో ఇర్వింగ్ 'హామ్లెట్'కు స్టోకర్ రాసిన సమీక్ష నటుడికి నచ్చి భోజనానికి పిలిచాడు. భోజనమయ్యాక ఇర్వింగ్ ఒక హంతకుడి గురించిన పద్యకథను అభినయించి వినిపించాడు. అది విని అంత పెద్ద మనిషి నిగ్రహం పోగొట్టుకుని వెక్కివెక్కి ఏడ్చినంత పని చేశాడట. రెండేళ్ళ తర్వాత ఇర్వింగ్ లండన్‌లో లైసియం నాటకశాల తీసుకుని మేనేజరుగా రమ్మంటే, పింఛనుండే సర్కారు కొలువు వదిలేశాడు. 1878 డిసెంబరు 4న ఫ్లోరెన్స్ బాల్కూమ్‌ను పెళ్ళాడి వెంటనే లండన్ చేరాడు. (ఈమెను అంతకు ముందు ఆస్కార్ వైల్డ్ ఇష్టపడ్డాడు.) ఏడాది తిరిగేసరికి పుట్టిన ఒక్కగానొక్క కొడుక్కి పేరు ఇర్వింగ్ నోయెల్. ఇంటిదాకా కూడా ఇర్వింగ్ పేరే!

ఇరవై ఏడేళ్ళపాటు ఆ నటుడికి ఆయన కుడిభుజం. టిక్కెట్ల లెక్కలు, జీతాలు, అతిథులు, ఎనిమిదిసార్లు అమెరికా పర్యటనలు, అన్నీ ఆయనే చూశాడు. ఇర్వింగ్ తరఫున రాసిన ఉత్తరాలే సుమారు అయిదు లక్షలుంటాయని ఆయనే లెక్కకట్టాడు. 1882లో థేమ్స్ నదిలో దూకి చావబోయిన ఒకతన్ని పడవమీంచి దూకి బయటికి లాగాడు. మనిషి బతకలేదు గానీ రాయల్ హ్యూమేన్ సొసైటీ స్టోకర్‌కు పతకమిచ్చింది. ఇంత పనిలో బారిష్టరు పరీక్ష కూడా పూర్తిచేసి 1890లో లాయరయ్యాడు.

ఆ నాటకశాల భోజనాల్లో ఆయనకు దగ్గరైనవాళ్ళలో రిచర్డ్ బర్టన్ ఒకరు. ఈ బర్టన్ మన దేశంలో సైన్యంలో పనిచేసి మన భాషలు నేర్చినవాడు. మనందరం చందమామ పుణ్యమా అని ఎరిగిన విక్రమార్కుడి భేతాళ కథల్లో కొన్నింటిని ఇంగ్లీషులోకి తెచ్చి 1870లో అచ్చువేశాడు. భేతాళుడన్న మాటకు ఆయన పెట్టిన ఇంగ్లీషు మాట వాంపైర్! చెట్టుకు తలకిందులుగా వేలాడుతూ శవంలో దూరి మాట్లాడేవాణ్ణి అలా పిలవడం నాకు పూర్తిగా ఒప్పదు. మన భేతాళుడు రక్తం తాగడు, తీర్పు అడుగుతాడు. అయినా అలా మనవాడు ఆ వంశంలో చేరిపోయాడు. బర్టన్ మాట్లాడుతుంటే పైపెదవి లేచి కోరపన్ను మొత్తం కనిపించేదని స్టోకర్ తన జ్ఞాపకాల్లో ప్రత్యేకంగా రాశాడు. కోరపన్నుకు ఆయన ఎంత విలువిచ్చాడో మనకు తెలుసు కదా.

'డ్రాకులా'కు తొలి నోట్సు మీద ఉన్న తేదీ 1890 మార్చి 8. పుస్తకం వెలువడింది 1897 మే 26న. నడుమ ఏడేళ్ళు. నాటకశాల సెలవుల్లో, రైళ్ళలో, అర్ధరాత్రుళ్ళు చదివి రాసుకున్నాడు. మొదట తన పిశాచికి కౌంట్ వాంపైర్ అనే పేరే పెట్టాడు, ఊరు ఆస్ట్రియాలో స్టిరియా అనుకున్నాడు. 1890 వేసవిలో విట్బీ అనే రేవుపట్నానికి కుటుంబంతో వెళ్ళినప్పుడు అక్కడి గ్రంథాలయంలో విల్కిన్సన్ అనే ఆయన 1820లో వలాకియా, మోల్డావియా ప్రాంతాల మీద రాసిన పుస్తకం తీశాడు. అందులో డ్రాకులా అన్న పేరు, ఆ భాషలో దానికి దయ్యం అనే అర్థముందన్న అడుగుసూచిక కంటబడ్డాయి. అంతే, పేరు మారింది. వ్లాద్ అనే క్రూరరాజును చూసి డ్రాకులాను మలిచాడని మన టీవీల్లో చెబుతుంటారు గానీ స్టోకర్ నోట్సులో వ్లాద్ అన్న పేరే లేదు. విట్బీలోనే తీరరక్షకులను అడిగి, 1885లో అక్కడి ఇసుకలో చిక్కుకున్న దిమిత్రి అనే రష్యా ఓడ సంగతి రాసుకున్నాడు. నవలలో అది దెమెటర్ అయింది. సమాధి రాళ్ళమీది పేర్లు కూడా ఎక్కించుకుని పాత్రలకు పెట్టాడు. ట్రాన్సిల్వేనియా మాత్రం జన్మలో చూడలేదు. ఎమిలీ జెరార్డ్ అనే ఆవిడ అక్కడి నమ్మకాల మీద 1885లో రాసిన వ్యాసం, మరికొన్ని యాత్రాగ్రంథాలు, పటాలు, అవే ఆయన కళ్ళు.

నవలనిండా ఆనాటి కొత్త యంత్రాలే. సేవర్డ్ డాక్టరు డైరీ రాయడు, ఫోనోగ్రాఫులో మాట్లాడతాడు. మీనా షార్ట్‌హాండు, టైపు నేర్చిన పిల్ల. అందరి డైరీలు, తంతులు, ఉత్తరాలు తేదీలవారీగా టైపుచేసి కాపీలు తీస్తుంది. పిశాచి వచ్చి అసలు కాగితాలు తగలబెడితే ఇనప్పెట్టెలో ఉన్న కాపీ అందరినీ కాపాడుతుంది! కత్తికంటే ముందు డ్రాకులాను ఓడించింది ఒక ఆడపిల్ల టైపు చేసిన ఫైలు. ఇది గుమాస్తా తప్ప ఇంకెవరూ రాయలేని కథ.

లూసీకి రక్తం ఎక్కించే ఘట్టం మన జువాలజీ మేడంగారు విన్నా ఇష్టపడతారు. పది పన్నెండు రోజుల వ్యవధిలో నలుగురు మగవాళ్ళ రక్తం ఒకరి తర్వాత ఒకరిది ఆ అమ్మాయికి ఎక్కిస్తారు. ఏ పరీక్షా లేదు. ఎందుకంటే అప్పటికి రక్తంలో గ్రూపులున్నాయనే ఎవరికీ తెలియదు. లాండ్‌స్టైనర్ ఆ సంగతి తేల్చింది 1901లో, నవల వచ్చిన నాలుగేళ్ళకు. నలుగురి రక్తమూ పడి ఏ వికటింపూ లేకుండా తట్టుకుందంటే లూసీది ఏబీ గ్రూపు అయ్యుండాలని నా లెక్క. వైద్యం విషయంలో ఆయనకు ఇంట్లోనే గురువున్నాడు. అన్న థార్న్లీ స్టోకర్ పేరున్న సర్జన్, ఐర్లండ్ సర్జన్ల కాలేజీకి అధ్యక్షుడు. తలకు దెబ్బ తగిలితే ఏ వైపు చచ్చుబడుతుందో అన్న రాసిచ్చిన కాగితం నోట్సులో ఉంది.

నన్ను అన్నిటికంటే పట్టుకున్న ఘట్టం ఇంకోటుంది, దాని గురించి సమీక్షకులు పెద్దగా మాట్లాడరు. కోటలో డ్రాకులా ఒక్కడే కూర్చుని ఇంగ్లీషు పుస్తకాలు, రైళ్ళ టైంటేబుల్ చదువుతుంటాడు. లండన్‌లో నోరు విప్పగానే ఎవడో పరాయివాడని జనం తిరిగి చూడకూడదని ఆయన పట్టుదల. తన యాస సరిదిద్దమని వచ్చిన లాయరు కుర్రాణ్ణి అడుగుతాడు. తెలుగు మీడియంలో చదివి ఈ కాలేజీకి వచ్చి, సెమినార్లో నోరు విప్పే ముందు నాలుగుసార్లు లోలోపల వాక్యం కట్టుకున్నవాళ్ళకు ఈ పేజీ దగ్గర భయం వెయ్యదు, జాలేస్తుంది. పోనీ వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్తాడు? యాభై పెట్టెల సొంత ఊరి మట్టి. ఆ మట్టిలో తప్ప ఆయనకు విశ్రాంతి లేదు. చేను అమ్ముకుని పట్నం వెళ్ళినవాణ్ణి ఎవర్నడిగినా ఇదే చెబుతాడు. స్టోకర్ ఈయన్ని దుష్టుడిగానే రాశాడు, తూర్పునుంచి వచ్చినవాడంటే ఆనాటి లండనుకున్న జంకు అంతా ఆ రాతలో ఉంది. ఒకప్పుడు వాళ్ళ ఏలుబడిలో ఉన్న దేశంవాళ్ళం మనం దాన్ని కొంచెం తిరగేసి చదువుకోవచ్చు.

పుస్తకం వెల ఆరు షిల్లింగులు, పసుపు అట్ట. బజారులోకి రావడానికి ఎనిమిది రోజుల ముందు నాటకహక్కు చేజారకుండా లైసియంలో నటుల చేత పైపైన చదివించాడు. సమీక్షలు రెండు రకాలుగా వచ్చాయి. 'డైలీ మెయిల్' దీన్ని 'ఫ్రాంకెన్‌స్టైన్', 'వుదరింగ్ హైట్స్' సరసన పెట్టింది. 'అథీనియం' మాత్రం సంచలనమే తప్ప నిర్మాణంలో నేర్పు లేదని తేల్చేసింది. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ మెచ్చుకుంటూ ఉత్తరం రాశాడు. అందరికంటే ముందుచూపు తల్లి షార్లెట్‌ది. ఈ పుస్తకం నీకు పేరూ డబ్బూ తెస్తుందని కొడుక్కి రాసింది. పేరు విషయంలో ఆమె మాట నిజమైంది. డబ్బు మాత్రం చాలనంత వచ్చింది.

1898లో లైసియం తెరలు, సామగ్రి ఉంచిన గోదాము తగలబడింది. 1905 అక్టోబరులో ఇర్వింగ్ పోయాడు. మరుసటి ఏడాది స్టోకర్‌కు పక్షవాతం కొట్టింది. ఆ చేత్తోనే ఇర్వింగ్ మీద రెండు సంపుటాల జ్ఞాపకాలు రాశాడు, తిండికోసం నవలలు రాశాడు. 1908లో ఇంకో వ్యాసం రాశాడు, అది నాకు ఏ మాత్రం మింగుడుపడదు. నవలల్లో చెడు పెరిగిపోతోందని, కామాన్ని రెచ్చగొట్టే పుస్తకాలకు సెన్సారు పెట్టాలని ఇందులో వాదించాడు. కోటలో ముగ్గురు పిశాచస్త్రీలు లాయరు కుర్రాడి మీదికి వంగే ఘట్టం రాసిన చెయ్యేనా ఇది! కుర్రతనంలో సంచలనం నవలల గురించి కాలేజీ సభలో లేచి మాట్లాడినవాడు అరవై ఏళ్ళకు హెడ్మాస్టరు అయిపోయాడు. పాఠకులను కాపాడాలనుకునే పెద్దలు తాము చదివి చెడిపోలేదన్న సంగతి ఎందుకో మర్చిపోతారు.

1911లో రాయల్ లిటరరీ ఫండుకు సాయం కోసం అర్జీ పెట్టుకుంటే వంద పౌన్లు వచ్చాయి. 1912 ఏప్రిల్ 20న లండన్‌లో కన్నుమూశాడు. అయిదు రోజుల ముందే టైటానిక్ మునిగింది, పత్రికలన్నీ దాని వెంటపడి ఉన్నాయి. మరుసటేడు ఆయన పుస్తకాలు, కాగితాలు వేలం వేస్తే ఏడేళ్ళ 'డ్రాకులా' నోట్సుకు పలికిన ధర రెండు పౌన్ల చిల్లర. ఇప్పుడవి అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు రోజెన్‌బాక్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి.

తర్వాతి కథ ఫ్లోరెన్స్‌ది. 1922లో జర్మనీలో పేర్లు మార్చి, అనుమతి అడక్కుండా 'నోస్ఫెరాటు' సినిమా తీశారు. ఆవిడ పట్టువదలకుండా కోర్టుకెళ్ళి 1925లో ప్రింట్లన్నీ ధ్వంసం చెయ్యాలనే ఉత్తర్వు తెచ్చుకుంది. అయినా కొన్ని కాపీలు మిగిలాయి. సినిమాగా చూస్తే అవి మిగలడమే మంచిదైంది, హక్కుగా చూస్తే ఆవిడది ముమ్మాటికీ న్యాయం. ఎండ తగిలితే రక్తపిశాచి చచ్చిపోతుందన్న నియమం పుట్టింది కూడా ఆ సినిమాలోనే. స్టోకర్ డ్రాకులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు, కాకపోతే శక్తులు తగ్గుతాయి. 'ట్వైలైట్'లో ఎండ తగిలితే ఒళ్ళు రవ్వల్లా మెరుస్తుందంటే మావాళ్ళు నవ్వారు గానీ, ఎండలో చావకపోవడం వరకు ఆ రచయిత్రిదే పాత పద్ధతి. అలాగే అందమైన ప్రేమికుడూ స్టోకర్ పుస్తకంలో లేడు. అక్కడున్నది కంపుకొట్టే ఊపిరి, అరచేతుల్లో వెంట్రుకలు ఉన్న ముసలాడు, రక్తం తాగేకొద్దీ వయసు తగ్గుతుంటాడు. అసలు ప్రేమ అంతా మీనాకూ ఆమె భర్తకూ మధ్య ఉంది.

ఆయన గురించి ఇంకా కొత్త సంగతులు బయటపడుతూనే ఉన్నాయి. 1890లో ఒక డబ్లిన్ పత్రిక క్రిస్మస్ అనుబంధంలో వచ్చి మరుగునపడిన 'గిబెట్ హిల్' అనే కథను ఐర్లండు జాతీయ గ్రంథాలయంలో ఒక పాఠకుడు వెలికితీశాడు. అంతకు ముందు 2018లో లండన్ లైబ్రరీవాళ్ళు తమ బీరువాలు వెతికితే, స్టోకర్ నోట్సుకు సరిపోయే పాత పుస్తకాలు ఇరవై ఆరు దొరికాయి. తోడేలు మనుషుల మీద 1865లో బారింగ్ గూల్డ్ రాసినది వాటిలో ఒకటి. మార్జిన్లలో పెన్సిలు గీతలు, ఇంటూ గుర్తులు, ఫలానా భాగం నకలు తియ్యాలనే సూచనలు, మడతపెట్టిన పేజీ మూలలు ఉన్నాయి. లైబ్రరీవాళ్ళు ఆ మడతలను చూసి మురిసిపోయారట. మన లైబ్రరీలో అయితే పేజీకి ఇంత అని జరిమానా కట్టించుకుని మరీ పంపేవారు.